గుండెపోటు తర్వాత గుట్ట ఎక్కొచ్చా?

పాలకుర్తిలో సోమేశ్వరస్వామి గుట్ట మీద, గుహలో ఉంటాడు. పక్కనే లక్ష్మీనరసింహస్వామి. శివరాత్రి జాతరకు చుట్టుపక్కల ఊళ్ల జనం గుట్టెక్కి దర్శనం చేసుకుంటారు. గుండెపోటు వచ్చి, దాదాపు 50 కిలోమీటర్ల దూరంలోని వరంగల్‌కో, ఇంకా దూరం హైదరాబాద్‌కో పోయి స్టెంట్ వేయించుకుని ఇంటికొచ్చిన మనిషి కొన్నాళ్లకు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది: "ఈసారి గుట్ట ఎక్కొచ్చా?"

డాక్టరు నోరు తెరిచేలోపే ఇంట్లోవాళ్లు జవాబు చెప్పేస్తారు. గుట్ట సంగతి తర్వాత, ముందు వాకిట్లోంచి కదలొద్దు. మోటరు పెట్టడానికి చేనుకు పోవద్దు. బిందె లేపొద్దు. మంచం మీదికే పళ్లెం వస్తుంది. అంతా ప్రేమతో చేసేదే. కానీ గుండెపోటు నుంచి బతికి బయటపడ్డ మనిషికి ఆ ప్రేమే కీడు చేస్తోందని గత డెబ్బై ఏళ్ల వైద్య పరిశోధన చెబుతోంది. గుట్ట ప్రశ్నకు జవాబు ఇదీ: చాలామంది ఎక్కొచ్చు. అయితే ఎంత శక్తి ఉందో కొలిపించుకుని, కొన్ని వారాల సాధన తర్వాత ఎక్కాలి. ఆ కొలత ఏమిటో, ఆ సాధన ఎలా చేయాలో ఈ అధ్యాయంలో చూద్దాం.

పాలకుర్తి 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. కవి పాల్కురికి సోమనాథుడి పేరుతో, చాకలి ఐలమ్మ భూపోరాటంతో తెలుగువాళ్లందరికీ తెలిసిన ఊరు. రైతులు, కూలీలు, గొర్లకాపరులు, తాడెక్కే గీత కార్మికులు ఉన్న ప్రాంతం. ఇక్కడ ఒంటి బలమే బతుకుదెరువు. పట్నంలో ఆఫీసు ఉద్యోగికి గుండెపోటు వస్తే నెల తిరిగేసరికి కుర్చీలో కూర్చుని పని చేసుకోగలడు. గీత కార్మికుడికి ఆ వెసులుబాటు లేదు. మోకు కట్టుకుని తాడెక్కగలిగితేనే ఆ పూట సంపాదన. పైన చెప్పిన కొలత, సాధనలనే గుండె పునరావాసం అంటారు. అది పెద్ద ఆసుపత్రుల్లో డబ్బున్నవాళ్లకు అందే అదనపు సౌకర్యంగా చాలామంది అనుకుంటారు. నిజానికి అది అందరికంటే ఎక్కువగా కావలసింది ఇలాంటివాళ్లకే.

పల్లెల్లో గుండెజబ్బు ఎక్కడిది అనేవాళ్లు ఇంకా ఉన్నారు. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఏడాది పాటు జరిగిన ప్రతి మరణానికీ కారణం వెతికారు. లక్షా ఎనభై వేల జనాభా. మరణాల్లో దాదాపు 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. పల్లెటూళ్లను చంపేది అంటువ్యాధులేనన్న పాత నమ్మకం ఆ లెక్కతో పోయింది. అప్పటి నుంచి ఇరవై ఏళ్లు గడిచాయి. ఈలోగా పల్లె మనిషికి ఆరోగ్యశ్రీ వచ్చింది, 108 వచ్చింది, స్టెంటు అందుబాటులోకి వచ్చింది. బతికి ఇంటికొచ్చేవాళ్లు పెరిగారు. ఇంటికొచ్చాక ఏం చేయాలో చెప్పే ఏర్పాటు మాత్రం రాలేదు.

కదలొద్దన్న సలహా నిజానికి డాక్టర్ల నుంచే వచ్చింది. 1912లో అమెరికా వైద్యుడు జేమ్స్ హెరిక్ గుండెపోటు లక్షణాలను వివరంగా రాసినప్పుడు రోగికి పూర్తి విశ్రాంతి ఇవ్వాలన్నాడు. చచ్చుబడిన గుండె కండరం గట్టి మచ్చగా మారడానికి ఆరు వారాలు పడుతుందని 1930ల చివర్లో శవపరీక్షల్లో తేలింది. దాంతో ఆరు వారాల మంచం ఖాయమైంది. రోగి తన చేత్తో తాను అన్నం తినడానికి కూడా ఒప్పుకోని ఆసుపత్రులుండేవి. కదలకుండా పడుకున్నవాళ్లకు కాళ్లలో రక్తం గడ్డకట్టేది. ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీసేది. అదీ గుండెపోటు ఖాతాలోకే వెళ్లేది.

1952లో బోస్టన్‌లో శామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లౌన్ 81 మంది రోగులను తొలి రోజుల్లోనే మంచం దింపి వాలుకుర్చీలో కూర్చోబెట్టారు. సాటి డాక్టర్లు మండిపడ్డారు. రోగులు మాత్రం మంచం మీదివాళ్ల కంటే బాగా కోలుకున్నారు. అసలు దెబ్బ 1966లో డల్లాస్‌లో పడింది. బెంగ్ట్ సాల్టిన్ బృందం ఇరవై ఏళ్ల వయసున్న ఐదుగురు ఆరోగ్యవంతులైన కుర్రాళ్లను మూడు వారాలు మంచం దిగకుండా ఉంచింది. శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ వాళ్లలో నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని మళ్లీ పరీక్షించారు. మూడు దశాబ్దాల వయసు చేయలేని నష్టం ఆ మూడు వారాల మంచం చేసిందని తేలింది. ఇరవై ఏళ్ల కుర్రాళ్ల గతే అలా ఉంటే, గుండెపోటు వచ్చిన యాభై ఐదేళ్ల మనిషిని మూడు నెలలు వాకిట్లో కూర్చోబెడితే ఏమవుతుంది? కొన్నాళ్లకు నాలుగడుగులు వేయగానే దమ్ము వస్తుంది. "చూసినవా, గుండె ఇంకా బాగు కాలే" అని ఇంకా గట్టిగా కూర్చోబెడతారు. ఆ దమ్ములో చాలా భాగం గుండె తెచ్చింది కాదు, కుర్చీ తెచ్చింది.

ఇప్పుడు కొలత సంగతి. మన దగ్గర గుండెరోగికి కంఠతా వచ్చే అంకె ఒక్కటే, పంపింగ్ శాతం. "పంపింగ్ 40 ఉంది", "మా మామకు 35కు పడిపోయింది" అని బస్సులో కూడా చెప్పుకుంటారు. అది అవసరమైన అంకే. గుండె ఎడమ గదిలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకు ఎంత శాతం బయటికి పోతోందో చెబుతుంది. ఏ మందులు కావాలో, ప్రమాదం ఎంతో నిర్ణయించడానికి డాక్టరుకు పనికొస్తుంది. కానీ ఆ మనిషి ఎంత పని చేయగలడో దాన్ని బట్టి చెప్పలేం. పంపింగ్ 35 ఉన్న ఒకాయన రెండంతస్తులు ఆగకుండా ఎక్కుతాడు, 55 ఉన్న ఇంకొకాయన ఒక అంతస్తుకే కూలబడతాడు. బోరు మోటరు ఎన్ని హార్స్‌పవరో అడిగి చేను తడిసిందో లేదో చెప్పలేం కదా. కాలువ పూడిపోయిందా, మడిదాకా నీళ్లు పోతున్నాయా అన్నది కూడా చూడాలి.

ఇక్కడ ఆ మడి, కాలి కండరమే. విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి సుమారు ఐదు లీటర్ల రక్తాన్ని తోస్తుంది. ఆ రక్తం తెచ్చిన ఆక్సిజన్‌లో ఒళ్లు వాడుకునేది పావు వంతే, మిగతాది తిరిగి గుండెకే చేరుతుంది. గట్టిగా పని చేసేటప్పుడు రెండు మార్పులు జరుగుతాయి. గుండె ఎక్కువ రక్తం తోస్తుంది, కండరం ఆ రక్తంలోంచి మూడు వంతుల దాకా ఆక్సిజన్ లాగేసుకుంటుంది. గుండెపోటులో దెబ్బతిన్నది మొదటిది. రెండోదాన్ని పాడుచేసేది మంచం. చచ్చిన గుండె కండరం వ్యాయామంతో తిరిగి పుట్టదు. కానీ కాలి కండరంలో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి, కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి, రక్తనాళాల లోపలి పొర మళ్లీ చక్కగా విప్పారడం నేర్చుకుంటుంది. అప్పుడు అదే పనిని గుండె తక్కువ దెబ్బలతో, తక్కువ బీపీతో చేయిస్తుంది. గుండెనొప్పి మొదలయ్యే హద్దు ఇంకా దూరం జరుగుతుంది.

కండరానికి శక్తినిచ్చే పదార్థాల కథలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నాడు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆ వెంటనే 1929లో ఏటీపీని వేరుచేశాడు. కండరం ముడుచుకున్న ప్రతిసారీ ఖర్చయ్యేది ఆ ఏటీపీ. గుండె దగ్గర దాని నిల్వ కొన్ని క్షణాలకే సరిపోతుంది, ఆక్సిజన్‌తో ఎప్పటికప్పుడు తయారవుతూ ఉండాలి. రక్తనాళం మూసుకుపోతే నిమిషాల్లోనే గుండె ఎందుకు విలవిల్లాడుతుందో ఆయన పని చదివితే అర్థమవుతుంది. ఆయన 53 ఏళ్లకే, 1948లో, గుండె ఆగి చనిపోయాడు.

శక్తిని కొలవడానికి డాక్టర్లు వాడే ప్రమాణం పేరు మెట్. కదలకుండా కూర్చున్న మనిషి కిలో బరువుకు నిమిషానికి 3.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకుంటాడు. అది ఒక మెట్. అరవై కిలోల మనిషికి 210 మిల్లీలీటర్లు. ఇంట్లో నెమ్మదిగా నడిస్తే రెండు మూడు మెట్లు. మెల్లగా మెట్లదారి ఎక్కితే నాలుగు, వేగంగా ఎక్కితే ఎనిమిది దాటుతుంది. గడ్డపారతో తవ్వకం అయిదు నుంచి ఎనిమిది. 45 కిలోల యూరియా బస్తా భుజానేసుకుని ఎగువకు ఎక్కడమంటే ఎనిమిదికి పైమాటే.

ట్రెడ్‌మిల్ పరీక్ష చేసేది ఈ లెక్క తేల్చడానికే. 1960లలో రాబర్ట్ బ్రూస్ రూపొందించిన పద్ధతిలో మూడేసి నిమిషాలకు వేగమూ వాలూ పెంచుతూ పోతారు. గంటకు 2.7 కిలోమీటర్ల వేగం, 10 శాతం వాలుతో మొదలవుతుంది. మొదటి దశ పూర్తిచేస్తే సుమారు అయిదు మెట్లు, రెండోది పూర్తిచేస్తే ఏడు. జొనాథన్ మైయర్స్ బృందం ఈ పరీక్షకు వచ్చిన ఆరు వేల మందికి పైగా పురుషులను ఏళ్ల తరబడి గమనించి, 2002లో ఫలితాలు ప్రకటించింది. ఎవరు ఎక్కువ కాలం బతుకుతారో చెప్పడంలో బీపీ, సిగరెట్, మధుమేహం వీటన్నిటి కంటే ఈ అంకే ముందు నిలిచింది. ఒక్క మెట్ ఎక్కువ ఉన్నవాళ్లు బతికే అవకాశం 12 శాతం ఎక్కువ. అయిదు మెట్ల లోపు ఉన్నవాళ్లకు మరణ ప్రమాదం, ఎనిమిది దాటినవాళ్లతో పోలిస్తే రెట్టింపు.

ట్రెడ్‌మిల్ లేనిచోట ఆరు నిమిషాల నడక పరీక్ష ఉంది. దీనికి కావలసినవి ముప్పై మీటర్ల వరండా, రెండు చివర్లా గుర్తుకు ఏవైనా రెండు వస్తువులు, ఒక గడియారం, ఒక కుర్చీ, బీపీ మిషను, వేలికి పెట్టే ఆక్సీమీటరు. ముందు పది నిమిషాలు కూర్చోబెడతారు. నాడి, బీపీ, ఆయాసం ఎంతుందో రాసుకుంటారు. తర్వాత ఆ చివర నుంచి ఈ చివరకు, పరుగెత్తకుండా, వీలైనంత వేగంగా నడవమంటారు. ఆయాసమొస్తే ఆగొచ్చు, గోడకు ఆనుకోవచ్చు, గడియారం మాత్రం ఆగదు. నర్సు పక్కన నడవకూడదు, నడిస్తే రోగి ఆమె వేగాన్ని అందుకోవాలని చూస్తాడు. నిమిషానికోసారి "బాగా నడుస్తున్నారు, ఇంకా ఇన్ని నిమిషాలు" అని మాత్రం చెప్పాలి. చివర్లో ఎన్ని మీటర్లు నడిచాడో లెక్క. కొన్ని వారాల సాధన తర్వాత ఆ దూరం పాతిక ముప్పై మీటర్లు పెరిగినా అది నిజమైన మెరుగుదలే. గుండెపోటు వచ్చిన మొదటి నెలలో ఈ పరీక్ష చేయకూడదు. మండల కేంద్రంలోని సర్కారు దవాఖానా వరండాలో డాక్టరు ఉండగా చేయదగ్గ పరీక్ష ఇది. ఒక్క మిషను కూడా కొత్తగా కొనక్కర్లేదు.

వ్యాయామం మందులా పనిచేస్తుందని సాక్ష్యం కావాలంటే చాలా ఉంది. ఛాతీనొప్పి ఉన్న ఒకతను రోజూ అరగంట కట్టె కోస్తూ దాదాపు నయం చేసుకున్నాడని ఇంగ్లండు వైద్యుడు విలియం హెబర్డెన్ రెండు వందల ఏళ్ల కిందటే రాసిపెట్టాడు. 85 ప్రయోగాలను, 23 వేలకు పైగా రోగులను కలిపి చూసిన ఒక సమీక్ష ప్రకారం, వ్యాయామంతో కూడిన పునరావాసం తీసుకున్నవాళ్లలో గుండెజబ్బు మరణాలు 26 శాతం, ఆసుపత్రిలో చేరడాలు 23 శాతం, మళ్లీ గుండెపోటు రావడం 18 శాతం తగ్గాయి. ఇంత లాభమిచ్చే మందు మాత్ర రూపంలో దొరికితే ప్రతి మెడికల్ షాపులోనూ ఉండేది.

మరి మనకు అందుతోందా? గుండె పునరావాస కేంద్రాలపై జరిగిన అంతర్జాతీయ లెక్కింపులో భారతదేశం వివరాలు 2020లో వచ్చాయి. గుండె రక్తనాళాల జబ్బు బారినపడుతున్న ప్రతి 360 మందికి ఒక్కరికే చోటుంది. ఉన్న కొద్ది కేంద్రాలూ పెద్ద నగరాల ఆసుపత్రుల్లోనే. వారానికి మూడుసార్లు పాలకుర్తి నుంచి హైదరాబాద్‌కు వచ్చి సైకిల్ తొక్కిపొమ్మంటే ఎవరు వస్తారు? బస్సు చార్జీ, పోయిన కూలీ, తోడొచ్చే కొడుకు పని, ఇవన్నీ కలిస్తే రెండో వారమే మానేస్తారు.

ఈ చిక్కును దృష్టిలో పెట్టుకునే దేశంలో 24 కేంద్రాల్లో యోగా-కేర్ అనే ప్రయోగం జరిగింది. గుండెపోటు వచ్చిన 3,959 మందిని రెండు జట్లు చేశారు. సగటు వయసు 53. ఒక జట్టుకు మూడు నెలల్లో 13 తరగతులు: తేలికైన ఆసనాలు, శ్వాస సాధన, ధ్యానం, జీవనశైలి మీద చర్చ. ఇంకో జట్టుకు మామూలు సలహాలు. మరణాలు, మళ్లీ గుండెపోటు, పక్షవాతం వంటివి యోగా జట్టులో కాస్త తక్కువే, కానీ ఆ తేడా యాదృచ్ఛికం కాదని గట్టిగా చెప్పగలిగినంత లేదు. దీన్ని దాచకుండా చెప్పాలి, ఎందుకంటే యోగాతో గుండెజబ్బు పోయిందని ప్రచారం చేసేవాళ్లు మనకు తక్కువేం లేరు. అయితే యోగా జట్టువాళ్లు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు, గుండెపోటుకు ముందు చేసుకునే పనుల్లోకి ఎక్కువగా తిరిగి వెళ్లారు. పని పోతే ఇల్లు గడవని మనిషికి అది చిన్న ఫలితం కాదు. ఖరీదైన మిషన్లు లేకుండా, శిక్షణ పొందిన ఒక మనిషితో ఇంత సాధించవచ్చని ఈ ప్రయోగం చూపింది. మందులు మాత్రం రెండు జట్లూ వాడాయి. ఆసనాలు మొదలుపెట్టి మాత్రలు మానేస్తే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికొస్తుంది.

ఇంటి దగ్గర సాధన ఇలా సాగాలి. ఇబ్బందుల్లేని గుండెపోటైతే ఆసుపత్రిలోనే రెండో మూడో రోజు నడిపిస్తారు. ఇంటికొచ్చాక మొదటి వారం చదునైన నేల మీద అయిదు నుంచి పది నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు. రెండు మూడు రోజులకోసారి రెండేసి నిమిషాలు పెంచుతూ పోతే ఆరు వారాలకు ముప్పై నిమిషాలు వస్తుంది. మొదటి అయిదు నిమిషాలూ, చివరి అయిదు నిమిషాలూ నెమ్మదిగా నడవాలి. ఉన్నట్టుండి ఆగిపోతే కాళ్లలో రక్తం నిలిచి కళ్లు తిరుగుతాయి. వేగం సరిగా ఉందో లేదో నాడి చూసి తేల్చుకోవడం కష్టం, మెటోప్రొలాల్ లాంటి మాత్రలు నాడిని పెరగనివ్వవు. పక్కవాడితో మాట్లాడుతూ నడవగలగాలి, పాట మాత్రం పాడలేనంత ఆయాసం ఉండాలి. అదే సరైన వేగం. రెండు ముక్కలు చెప్పడానికే ఊపిరి అందకపోతే తగ్గించాలి.

వరంగల్ ఎండల్లో 43, 44 డిగ్రీలు మామూలే. ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మానికి మళ్లుతుంది, అదే నడకకు గుండె ఎక్కువ కొట్టుకోవాలి. నీరు తీసే మాత్రలు వాడేవాళ్లకు బీపీ పడిపోతుంది. కాబట్టి ఎండాకాలం నడక తెల్లవారుజామునే. తిన్న వెంటనే నడవొద్దు. షుగర్ మందులు వాడేవాళ్లు ఏమీ తినకుండా కూడా నడవొద్దు, జేబులో చక్కెరో బెల్లమో ఉండాలి.

బరువుల సంగతి వేరు. ఊపిరి బిగబట్టి బస్తా లేపితే బీపీ ఒక్కసారిగా ఎగుస్తుంది. మొదటి కొన్ని వారాలు అది పూర్తిగా వద్దు. తర్వాత డాక్టరు ఒప్పుకుంటే తేలిక బరువులతో, ఊపిరి వదులుతూ, పది పదిహేనుసార్లు లేపే సాధన మొదలుపెట్టాలి. ఒంటి బలంతో బతికేవాళ్లకు ఉత్త నడక సరిపోదు. బైపాస్ చేయించుకున్నవాళ్లు మాత్రం రొమ్ముటెముక అతుక్కునేదాకా, అంటే రెండు మూడు నెలలు, బరువుల జోలికి పోకూడదు. స్టెంట్ వేయించుకున్నవాళ్లకు చెప్పింది బైపాస్‌వాళ్లకూ, వాళ్లకు చెప్పింది వీళ్లకూ అంటగట్టడం ఊళ్లో తరచూ జరిగే పొరపాటు.

చేను పనికి ఎప్పుడు పోవచ్చన్నదానికి ఒక లెక్క ఉంది. రోజంతా చేసే పని సగటు, తన గరిష్ఠ శక్తిలో 40 శాతం దాటకూడదు. మధ్యమధ్య కాసేపు చేసే కష్టమైన పని 80 శాతం దాటకూడదు. పరీక్షలో ఏడు మెట్లు వచ్చిన రైతు నీళ్లు కట్టడం, గట్ల మీద తిరగడం లాంటివి రోజంతా చేసుకోవచ్చు. తవ్వకం కాసేపు, విశ్రాంతి తీసుకుంటూ. బస్తాలు మోయడానికి అది చాలదు. గొర్లకాపరికి చదును నేల మీద నడక అభ్యాసమే, తిరిగి పనిలోకి పోవడం సులువు. తాడెక్కడం అన్నిటికంటే కష్టం: కాళ్లూ చేతులూ ఒకేసారి పనిచేయాలి, పైన కళ్లు తిరిగితే కింద పడతాడు. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతున్న మనిషికి ఆ దెబ్బ ఇంకా ప్రమాదం. గీత కార్మికుడు ట్రెడ్‌మిల్ పరీక్ష లేకుండా మళ్లీ తాడెక్కకూడదు.

ఆడవాళ్ల విషయం బాధగా ఉంటుంది. ప్రపంచమంతటా పునరావాసానికి పంపేవాళ్లలో వాళ్లు తక్కువే. మన ఇళ్లలో మగవాడికి గుండెపోటొస్తే మంచం దిగనివ్వరు, ఆడమనిషికొస్తే పదో రోజుకే పొయ్యి దగ్గర ఉంటుంది. ఒకరికి అసలు కదలిక లేదు, ఇంకొకరికి అసలు విశ్రాంతి లేదు. ఇంటి పని చేస్తోంది కదా, వేరే వ్యాయామం ఎందుకంటారు. పొద్దంతా ఆగి ఆగి చేసే పని ఒళ్లు అలిసేలా చేస్తుందే తప్ప, ఇరవై ముప్పై నిమిషాలు ఆపకుండా నడిచినట్టు గుండె శక్తిని పెంచదు. ఆమెకు ఆ అరగంట ఇంట్లోవాళ్లే ఇప్పించాలి. అంటే ఆ పూట పొయ్యి ఇంకొకరు చూడాలి.

2023లో జనగామలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. ఊళ్లలో బీపీ, షుగర్ చూసే ఏఎన్ఎంలు, ఆశా వర్కర్లు ముందునుంచీ ఉన్నారు. స్టెంట్ వేయించుకుని వచ్చినవాళ్ల పేర్లు ఒక పుస్తకంలో రాసుకోవడం, నెలకోసారి నడక కొలవడం, మాత్రలు వాడుతున్నారో లేదో, బీడీ మానారో లేదో అడగడం, ఇవి వాళ్లు నేర్చుకోలేని విద్యలు కావు. జిల్లా అధికారులు తలుచుకుంటే పాలకుర్తిలో మొదలుపెట్టవచ్చు. ఈ పుస్తకం చదువుతున్నవాళ్లలో అలాంటి అధికారి ఎవరైనా ఉంటే మొదలుపెట్టమని అడుగుతున్నాను.

మీ ఇంట్లో ఎవరైనా గుండెపోటు నుంచి బయటపడి ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తుంటే, డిశ్చార్జి కాగితం మీద పంపింగ్ శాతం కింద ఇంకో నాలుగు మాటలు రాయించుకోండి: రోజుకు ఎంతసేపు నడవాలి, ఎన్నో వారంలో శక్తి పరీక్ష చేయించాలి, ఎంత బరువు లేపొచ్చు, ఏ తేదీన పనిలోకి పోవచ్చు. రాయకపోతే అడగండి, ఇంకోసారి అడగండి. నడుస్తుండగా ఛాతీలో బిగుతు, దవడకో ఎడమచేతికో పాకే నొప్పి, చల్లటి చెమట, కళ్లు తిరగడం వస్తే అక్కడే కూర్చోబెట్టండి. డాక్టరు రాసిచ్చిన నాలుక కింద మాత్ర పెట్టండి. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే గ్యాస్ అనుకుంటూ ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.